సోమవారం వాన పడని ఊరు

మా ఊరి వారపత్రిక హైమావతి గారి గురించి మూడు వాక్యాలు వేసింది. వాటిలో తప్పులు నాలుగు. ఆ కత్తిరింపు నా దగ్గర ఉంది. దానికి జతగా సంపాదకుడికి నేను రాసిన రెండు ఉత్తరాల నకళ్లూ ఉన్నాయి. ఆయన జవాబు మాత్రం లేదు, ఎందుకంటే ఆయన ఇవ్వలేదు. అందుచేత ఆ సవరణలను నేనే ఇక్కడ చేస్తున్నాను.

"బాంబే నుంచి వచ్చిన అమ్మమ్మ" అని మొదలుపెట్టారు. ఆమె బాంబే ఎన్నడూ చూడలేదు. ఆమెకు మనుమలు లేరు. "కాలక్షేపానికి వాతావరణం గమనిస్తుంటారు" అన్నది మూడో తప్పు. వాల్తేరులోని ఒక వాతావరణ కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లపాటు, పండగనక పబ్బమనక, ఎండకూ వానకూ గాలికీ పద్దు రాసిన మనిషిని కాలక్షేపం అనడానికి ఆ విలేకరికి నోరెలా వచ్చిందో నాకు తెలియదు. నాలుగో తప్పు అన్నింటికన్నా పెద్దది. దానికి తర్వాత వస్తాను.

గ్వెల్ఫ్‌కూ మిల్టన్‌కూ నడుమ, కెనడాలో ఉన్న మా ఊరి గుట్టమీద, ఈ దేశం బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో కట్టిన రాతి వేధశాల ఒకటి ఉంది. గడియారాలు సరిదిద్దుకోవడానికీ, వాన, మంచు, గాలి పద్దు రాయడానికీ దాన్ని కట్టారు. దాని మొదటి అధికారి మెకాలిస్టర్ అనే స్కాట్లండు దేశస్థుడు. ఆయన రిజిస్టర్లు ఇప్పటికీ అద్దాల బీరువాలో ఉన్నాయి. పైన ఇత్తడి పలక: "ముప్పై ఎనిమిదేళ్లు, ఒక్క రోజు తప్పని లెక్క." వేధశాలను నడుపుతున్నది ఊరి వారసత్వ సంఘం. ఒక చలికాలం వారు ఆ రిజిస్టర్లను బాయిలర్ పక్కన పెట్టినప్పుడు నేను మూడు అభ్యంతర పత్రాలు సమర్పించాను. అవి బూడిదయ్యేలోగా ప్రతి పేజీకీ ఫొటో తీసి పెట్టుకున్నాను కూడా. ఈ సంగతి గుర్తుంచుకోండి.

హైమావతి గారు కూతురు మృదుల దగ్గరకు వచ్చి స్థిరపడిన కొత్తలో, ఒక ఆదివారం ఈ భవనం చూడటానికి వెళ్లారు. ఆవరణలో మేపుల్ చెట్టు కింద వర్షమాపకం కనిపించింది. వర్షమాపకమంటే మరేమీ కాదు, పైన గరాటు, లోపల గీతలున్న గొట్టం. ఆమె దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సంఘం అధ్యక్షురాలు బార్బరాను పిలిచి, "ఇది వాన కాదమ్మా, చెట్టు తాగి వదిలేసిన ఎంగిలి" అన్నారు. మృదుల దీన్ని ఇంగ్లీషులోకి కొంత మెత్తగా మార్చి చెప్పింది. వారం తిరక్కుండా చెట్టు కిందినుంచి గొట్టం కదిలింది, తాళాలగుత్తి హైమావతి గారి చేతికి వచ్చింది. జీతం లేదు. పని ఉన్నది, అదే చాలన్నారు ఆమె. కూతురింట్లో అప్పటిదాకా ఆమె అధికార పరిధి డిష్‌వాషర్ దాటలేదు.

రెండేళ్లలో ఆమె చుట్టుపక్కల పదకొండు ఇళ్లలో వర్షమాపకాలు పెట్టించారు. వాటిలో తొమ్మిది తెలుగు ఇళ్లు. ఇక్కడి వాళ్లు జనవరి వచ్చేసరికి ఫ్లోరిడా వెళ్లిపోతారని, మనవాళ్లు మంచుని తిట్టుకుంటూనైనా ఇంట్లో ఉంటారని ఆమె కనిపెట్టారు. రోజూ సరిగ్గా ఎనిమిదింటికి గొట్టం చూడాలి, అంకె రాయాలి, గొట్టం ఖాళీ చేయాలి. ఎనిమిదీ పదికల్లా ఆమెకు ఫోన్ చేయాలి. గడి ఖాళీగా వదిలినవాడినీ, తప్పు అంకె రాసినవాడినీ ఆమె ఊరికే వదిలేవారు కాదు. ఈ విషయంలో నాకు స్వానుభవముంది.

"రాఘవయ్య గారూ, మీ ఇంట్లో పన్నెండు మిల్లీమీటర్లు. మీ పక్కింట్లో సున్నా. మబ్బు మీ ఇంటి నంబరు చూసుకుని మరీ వచ్చిందా?"

"అదీ... తెల్లారి లాన్‌కి స్ప్రింక్లర్ ఆన్ చేశానండీ."

"అయితే అదే రాయండి. 'స్ప్రింక్లర్, నా తప్పు' అని."

"రిజిస్టర్లోనా? శాశ్వతంగానా?"

"తప్పు చేస్తే లెక్క చెడదండీ. దాస్తే చెడుతుంది."

ఆ పేజీ నకలు కూడా నా దగ్గర ఉంది. ఎవరికీ చూపించను.

ఇంతలో సంఘం ఒక ఆటోమేటిక్ యంత్రం కొన్నది. దానికి ఎనిమిదింటికి లేవనక్కర్లేదు, ఫోన్ చేయనక్కర్లేదు. హైమావతి గారు కూర్చునే పై గదిని కాఫీ షాపుగా మారిస్తే బాగుంటుందని బార్బరాకు తోచింది. చివరికి ఒక షరతు కుదిరింది. ఒక ఏడాదిపాటు పదకొండు ఇళ్ల లెక్క లోపం లేకుండా సాగిందని అక్టోబరు సమావేశంలో రుజువైతే గదీ, తాళాలూ ఆమెవే. లేకపోతే పరిశీలకులందరికీ కృతజ్ఞతా పత్రాలిచ్చి పంపేస్తారు. ఆ పత్రాల నమూనా వారు అప్పుడే అచ్చు వేయించారని నాకు తెలిసి ఒళ్లు మండింది.

సమావేశానికి ఇంకా వారం రోజులుందనగా, మృదుల ఏడాది అంకెలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, పది నిమిషాల్లో తలెత్తింది.

"అమ్మా, మిల్టన్‌లో మండేస్ వాన పడదా?"

యాభై రెండు సోమవారాలు. మిల్టన్ గడిలో యాభై రెండు సున్నాలు. మిగతా పది ఇళ్లు తడిసి ముద్దయిన సోమవారాల్లో కూడా అక్కడ ఎండే. మంగళవారాల్లో మాత్రం రెండు రోజుల వాన ఒకేసారి. మిల్టన్ వేరే ఊరు కాబట్టి, రోజుకొక అంకెగా ఫోన్లో విన్నప్పుడు ఈ తేడా ఎవరికీ అనుమానం కలిగించలేదు.

మిల్టన్ పరిశీలకుడు వెంకటేశ్వర రావు గారు. నలభై ఏళ్లు వంతెనలు కట్టిన ఇంజనీరు. అంకె విషయంలో ఆయన్ని శంకించడమంటే నన్ను దస్తావేజుల విషయంలో శంకించడమే. నేను డ్రైవ్ చేస్తుండగా ఇద్దరం ఆయన టౌన్‌హౌస్‌కి వెళ్లాం. ఆయన భార్య అమ్ములు గారు కాఫీ ఇచ్చారు. హైమావతి గారు కప్పు ముట్టుకోలేదు.

"రావు గారూ, మీ ఊళ్లో వానకి సోమవారం సెలవా?"

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం కదండీ. ఎనిమిదింటికి గొట్టం ఎలా ముట్టుకుంటాను?"

"వాన కొలవడానికి ముహూర్తమేమిటండీ? పెళ్లా, గృహప్రవేశమా?"

"కొత్త పని మొదలెట్టకూడదు. ఎనిమిదింటికి గొట్టం ఖాళీ చేసి కొత్త రోజు మొదలెట్టాలని మీరే చెప్పారు. అది కొత్త పని కాదా?"

 వాదనలో ఇంజనీరింగ్ ఉంది.

"పోనీ ముట్టుకోలేదు. మరి సున్నా ఎందుకు వేశారు?"

"గడి ఖాళీగా ఉంటే ఊరుకోనన్నది ఎవరు? నేను కొలిచింది ఏమీ లేదు. కాబట్టి సున్నా."

"సున్నా అంటే వాన పడలేదని!"

"చూడనివాడికి పడిందని ఎలా తెలుస్తుందండీ?"

వంటింటి గుమ్మంలోంచి అమ్ములు గారు అందుకున్నారు. "అలా అడగండి అక్కయ్యగారూ! ఇరవై రెండేళ్లు ప్రతి సోమవారం ఏడూ నలభైకి నేను టొరాంటో ట్రైన్ ఎక్కాను. అప్పుడు లేని రాహుకాలం ఈయన రిటైరయ్యాక పుట్టింది."

"నీది పాత ఉద్యోగమే, అమ్ములూ. రోజూ కొత్తగా మొదలెట్టేది కాదు."

"నా బాస్‌ని అడగండి, రోజూ కొత్తే!"

తిరుగు ప్రయాణంలో హైమావతి గారు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు. ఒళ్లో తాళాలగుత్తి. నా వయసుకు తగని సలహా ఒకటి ఇచ్చానని ఒప్పుకుంటున్నాను.

"మంగళవారం అంకెను రెండుగా చీల్చి, సగం సోమవారానికి రాసేస్తే? ఎవరు చూస్తారు?"

"రాఘవయ్య గారూ, వాల్తేరులో మాకు రబ్బరు ఇచ్చేవారు కాదు. ఒకసారి తుపానులో గాలి కొలిచే యంత్రమే ఎగిరిపోయింది. మిగతా రాత్రంతా అంకెలు ఊహించి రాయమన్నాడు మా సీనియరు. నేను 'యంత్రం ఎగిరిపోయింది, ఆ తర్వాత తెలియదు' అని రాశాను. నెల రోజులు నాతో మాట్లాడలేదాయన." మళ్లీ ఆమే అన్నారు: "ఖాళీ గడంటే భయపెట్టింది నేనే. సమావేశంలో నేనే చెప్తాను."

"తాళాలు పోతాయండీ."

"పోతే పోతాయి. డిష్‌వాషర్ ఉందిగా."

ఆ మాట ఆమె నవ్వుతూనే అన్నారు గాని, చెయ్యి గుత్తిని వదలలేదు.

నేను ఇంటికి వచ్చి, కోపంగా ఉన్నప్పుడు చేసే పనే చేశాను: ఫైళ్లు తెరిచాను. మెకాలిస్టర్ మహాశయుడి "ఒక్క రోజు తప్పని లెక్క" ఎంత గొప్పదో చూద్దామని, బాయిలర్ రోజుల్లో తీసిన ఫొటోలను వరుసగా చదవసాగాను. మూడు రోజులు పట్టింది. మొదటి పేజీ అడుగున, చక్కని దస్తూరిలో ఆయన ఇలా రాసుకున్నాడు: ప్రభువు దినాన నేను పరికరాన్ని ముట్టను. అంటే సబ్బాతు, క్రైస్తవులు పని ముట్టని ఆదివారం. అక్కడినుంచి ముప్పై ఎనిమిదేళ్లపాటు ప్రతి ఆదివారం సున్నా. ప్రతి సోమవారం రెండు రోజుల వాన.

మర్నాడు ఎనిమిదీ పదికి, నా అంకె చెప్పడం కూడా మరచి, ఈ వార్త చెప్పాను. ఆమె ఎగిరి గంతేస్తారనుకున్నాను.

"సున్నా పెట్టాడా?" అన్నారామె. "పెద్దమనిషి! గడి ఖాళీగా వదలొచ్చు కదా. ఆయన్నెవరు భయపెట్టారు?" తర్వాత, "మీ దగ్గర ఎంత?" అన్నారు.

సమావేశం పై గదిలోనే జరిగింది. సంఘ సభ్యులు ఏడుగురు. కాఫీ షాపు నమూనా చిత్రం గోడకు ఆనించి ఉంది. హైమావతి గారు లేచి, ఎవరూ అడగకముందే, మిల్టన్ యాభై రెండు సున్నాల సంగతి చెప్పి, "తప్పు నాది, నేర్పింది నేను" అని కూర్చున్నారు. బార్బరా ఎంతో విచారంగా తల ఊపింది. ఆ విచారంలో కాఫీ వాసన నాకు స్పష్టంగా తెలిసింది.

"యంత్రానికి నమ్మకాలుండవు కదా," అన్నదామె. "అయినా ఈ రాహు... ఏమిటిది?"

"ఒకటిన్నర గంటల సబ్బాతు," అన్నాను నేను, ఫొటోలు బల్లమీద పరుస్తూ. "మీ మొదటి అధికారిది ఇరవై నాలుగు గంటలు. మా రావు గారు ఎంతో పొదుపరి."

ఫొటోలు చేతులు మారాయి. ఎవరో ఇత్తడి పలకవైపు చూసి, వెంటనే చూడనట్టు నటించారు. బార్బరా గొంతు తగ్గించింది.

"హైమా, ఇలా చేద్దాం. మీ సోమవారాల ఊసు మేము ఎత్తం. మా ఆదివారాల ఊసు మీరు ఎత్తకండి. నెట్‌వర్క్ సాగుతుంది. గది మీదే."

ఇంతకన్నా ఏం కావాలి? నేను హైమావతి గారి వైపు చూసి, ఒప్పుకోండని కళ్లతో బతిమాలాను. ఆమె తాళాలగుత్తిని బల్లమీద పెట్టారు.

"కుదరదండీ. రెండూ రాయాలి. సోమవారాల పక్కన 'చూడలేదు' అని, ఆదివారాల పక్కన 'చూడలేదు' అని. అలా రాస్తేనే నేను తాళాలు తీసుకుంటాను."

"మెకాలిస్టర్‌ను సరిదిద్దుతారా!" అన్నది బార్బరా.

"ఆయన్ని కాదమ్మా. పలకని."

 చివరికి సంఘంలోకెల్లా వృద్ధుడైన కోశాధికారి, అప్పటిదాకా నిద్రపోతున్నాడని నేననుకున్న మనిషి, కళ్లు తెరిచాడు. "వాళ్లమ్మాయి పది నిమిషాల్లో పట్టుకుంది. రేపు ఎవరైనా పట్టుకుంటారు. అప్పుడు మనం దాచామంటారు. ఇప్పుడైతే మనమే కనిపెట్టామంటారు," అన్నాడు. ఈ చివరి మాట అందరికీ నచ్చింది. నలుగురు చేతులెత్తారు, ముగ్గురు ఎత్తలేదు. ఆ నాలుగో చెయ్యి బార్బరాదేనని న్యాయం కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాను. కనిపెట్టింది "మనమే" అన్నదానిమీద నా అభ్యంతరాన్ని మర్నాడు లిఖితపూర్వకంగా పంపాను.

ఇత్తడి పలక కింద ఇప్పుడు చిన్న కార్డు ఉంది: "ఆదివారాలు మినహా." కాఫీ షాపు నేలమాళిగలో బాయిలర్ పక్కన వెలిసింది. కాగితాలకు మంచిదైన చోటు కాఫీకి మాత్రం ఎందుకు చెడ్డదవుతుందని నేను అడిగాను. యాభై రెండు మిల్టన్ సున్నాలను హైమావతి గారు ఒక్కొక్క గీతతో, కిందిది చదవడానికి వీలుగా, కొట్టేశారు. ఇక పత్రిక నాలుగో తప్పు: "ఆమె లెక్కలో ఒక్క లోపమూ లేదు" అని రాశారు. లోపాలు ఉన్నాయి. నా స్ప్రింక్లర్ ఉంది. అవి కనబడాలనే ఆమె తాళాలు బల్లమీద పెట్టింది.

తరువాతి సోమవారం ఎనిమిదీ పదికి నేను పై గదిలోనే ఉన్నాను. మిల్టన్ నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్లో అమ్ములు గారి గొంతు.

"నాలుగు పాయింట్ రెండు, అక్కయ్యగారూ! నేనే చూశాను, నేనే పారబోశాను."

వెనకనుంచి రావు గారు: "తొమ్మిదయ్యాక పారబోయొచ్చు కదే!"

"మీరు కాఫీ తాగండి!"

హైమావతి గారు అంకె రాసుకున్నారు. తర్వాత పక్కనున్న వివరాల గడిలో, వాల్తేరు దస్తూరితో, ఇలా నింపారు: "పరిశీలకురాలు అమ్ములు. భర్త ఇంట్లో ఉన్నారు, చూడలేదు."