రాళ్ల కాపరి లక్ష్ముడు నీళ్లలోకి దిగిన సంగతి

భోగాపురం దాటి సముద్రం వైపు రెండు కోసులు నడిస్తే తగిలే రాళ్లపేటలో లక్ష్ముణ్ణి ఎవరూ తమ తెప్ప ఎక్కనిచ్చేవారు కాదు. పని రాక కాదు. వల విసరడంలోగాని తెడ్డు వేయడంలోగాని అతనికి వంక పెట్టడానికి లేదు. కాని తెప్ప ఒడ్డు విడిచింది మొదలు మళ్లీ ఇసుక తాకేదాకా మాట్లాడుతూనే ఉండేవాడు. గాలి ఎటు తిరగబోతోందో చెప్పేవాడు. నిన్న ఎటు తిరిగిందో చెప్పేవాడు. తన పెళ్లిలో వంకాయ కూరకి ఉప్పెందుకు ఎక్కువైందో, ఆ తప్పు ఎవరిదో, అప్పుడు తానేమన్నాడో అన్నీ చెప్పేవాడు. ఒకసారి అతనితో వేటకెళ్లిన అప్పలసూరి, ఒడ్డు ఇంకా అరమైలుండగానే నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వచ్చేశాడు. ఏమైందని అందరూ కంగారుపడితే, "ఏటీ అవలేదు. ఈదితే కూసింత సేపు సప్పుడు లేకుండా ఉంటాదని వచ్చీసినాను" అన్నాడు.

పంతొమ్మిదివందల అరవై ఆరులో పేటకి చేపలు బాగా తగ్గిపోయాయి. ఒడ్డుకి అరమైలు అవతల, నీళ్ల అడుగున పెద్ద పెద్ద నల్లరాళ్లు ఉన్నాయి. అందరూ వెళ్లి అక్కడే వలలు వేసేవారు. పేటకి పెద్దయిన సూరయ్య ఒకనాడు అందరినీ ఇసుకలో కూర్చోబెట్టి, "సేపలు గుడ్లెట్టేది ఆ రాళ్లకాడే. మనం పురిటింట్లో దూరి పిల్లల్ని ఎత్తుకొచ్చీసినట్టుగా ఉన్నాది. ఇకమీదట అక్కడ వల లేదు, గేలం లేదు. గవ్వ కూడా తేకూడదు" అన్నాడు. అందరూ సరేనన్నారు. మరి కాపలా ఎవరన్న మాట వచ్చేసరికి, ముందే అనుకున్నట్టు అందరూ లక్ష్ముడి వైపు చూశారు.

అది తనకి దక్కిన గౌరవమనుకున్నాడు లక్ష్ముడు. మిగతావాళ్లు మాత్రం అతను రోజంతా ఒంటరిగా తెప్ప మీద ఉంటాడన్న సంగతే ఆలోచించారు.

ఉద్యోగం వచ్చాక అతను పని విరమించిన పోస్టుమాన్ దగ్గర ఒక ఖాకీ చొక్కా సంపాదించాడు. దానికి జేబులు రెండు, గుండీలు మూడు. తెప్ప మీద వెదురుగెడకి ఎర్రగుడ్డ కట్టాడు. సూరయ్య పెట్టిన నియమాలకి తనవి కొన్ని కలిపాడు. రాళ్ల వైపు తిరిగి ఉమ్మకూడదు. రాళ్ల మీదుగా వెళ్లేటప్పుడు చుట్ట కాల్చకూడదు. ఎందుకని అడిగినవాళ్లకి చెప్పడం మొదలుపెట్టేవాడు కాబట్టి, ఎవరూ అడిగేవారు కాదు.

రెండేళ్లు ఇలా గడిచాక, ఒక మాఘమాసంలో పొద్దున్నే ఎడ్లబండి ఒకటి పేటలోకి వచ్చింది. బండిలో నాలుగు ఇనప సిలిండర్లు, రెండు ట్రంకు పెట్టెలు, కళ్లద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి ఒకాయన. సిలిండర్లు చూసి లక్ష్ముడి భార్య కూర్మమ్మ గ్లాసు తెచ్చుకుంది.

"సోడా ఎంతకిస్తారు బాబూ?"

"సోడా కాదమ్మా. వీటిలో గాలి ఉంది."

"గాలి మాకాడ సాలా ఉన్నాది బాబూ" అని ఆమె గ్లాసుతో సహా వెనక్కి వెళ్లిపోయింది.

ఆయన పేరు ఏసుదానం. విజయనగరంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారు. గాలి సిలిండరు వీపుకి కట్టుకుని నీళ్ల అడుగున తిరగడం విశాఖపట్నంలో నేర్చుకున్నాడట. వలలు పడని రాళ్లు ఇక్కడున్నాయని విని, అక్కడ ఏయే చేపలు ఎన్ని ఉన్నాయో రాసుకోవడానికి వచ్చాడు. ఆయన దిగడానికి సూరయ్య ఒప్పుకున్నాడు. లక్ష్ముడు ఒప్పుకోలేదు.

"ఆడ ఏటీ ముట్టుకోకూడదు బాబూ."

"మాకూ అదే నియమం. చెయ్యి వేయకూడదు, కాలు మోపకూడదు, అక్కడిది ఏదీ పైకి తేకూడదు. చూసి వచ్చేస్తాను."

"అందరూ అలాగే అంతారు. నీల కింద మీరేటి సేస్తన్నారో పైనున్నోడికి ఎలా తెలుస్తాది?"

ఏసుదానం తలాడించాడు. "నిజమే. అయితే నువ్వూ నాతో దిగు. ఒంటరిగా దిగకూడదన్నది మా మొట్టమొదటి నియమం. నాతో రావలసినాయనకి గవదబిళ్లలు లేచి మంచమెక్కాడు. రెండో మనిషి లేక నేనూ ఇబ్బంది పడుతున్నాను."

చుట్టూ ముప్పైమంది నిలబడి వింటున్నారు. కాదనడానికి లక్ష్ముడికి మాట తట్టలేదు. పేటలో ఎవరి ఎరుకలోనైనా అలా జరగడం అదే మొదటిసారి.

గెడ్డ వాగు సముద్రంలో కలిసేచోట, రొమ్ములోతు నీళ్లలో, ఐదు రోజులు నేర్పాడు మాస్టారు. ఊపిరి బిగబట్టకూడదు, పీలుస్తూ వదులుతూ ఉండాలి. చెవులు నొప్పెడితే ముక్కు నొక్కిపట్టి మెల్లగా ఊదాలి. పైకి వచ్చేటప్పుడు మన బుడగలకన్నా నెమ్మదిగా రావాలి. అన్నీ బాగున్నాయని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపాలి. లక్ష్ముడు ప్రతిదానికీ వాదం పెట్టుకున్నాడు. వాదిస్తూ వాదిస్తూనే నేర్చేసుకున్నాడు. ఖాకీ చొక్కా విప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"పనిలో ఉన్నప్పుడు ఇప్పకూడదు" అన్నాడు.

చివరిరోజు సొరచేప మాట వచ్చింది.

"అది కనిపిస్తే వెనక్కి తిరిగి పారిపోకు. కాళ్లూ చేతులూ కొట్టకు. దాన్నే చూస్తూ కదలకుండా ఉండు. దానికి దారి వదిలి, మెల్లగా వెనక్కి జరుగు" అన్నాడు మాస్టారు. "నెత్తురు కారే దెబ్బతో నీళ్లలోకి దిగకు. చేతికున్న ఆ వెండి మురుగు తీసెయ్, మెరిస్తే చిన్న చేప అనుకుంటుంది."

"ఈ నియమాలన్నీ దానికెవులు సెప్పినారు?"

"దానికి చెప్పనక్కర్లేదు. మనుషుల్ని తినాలని దానికేం ఉండదు."

"మేం దాన్ని తింతన్నాం గదా బాబూ. మొన్ననే కూర్మి సొరపుట్టు ఒండినాది. అది వాసన పట్టీసినాదనుకో?"

సొరపుట్టు తిన్నవాణ్ణి సొర గుర్తుపట్టదని మాస్టారు ఎంత చెప్పినా నమ్మకుండా, లక్ష్ముడు ఆ పూట చింతపండుతో మూడుసార్లు నోరు కడుక్కున్నాడు.

ఈ చదువు ఐదు రోజులూ కూర్మమ్మ గెడ్డ గట్టున కూర్చుని చూసింది. సిలిండరు గాలి పీల్చే రబ్బరుముక్క నోట్లో పెట్టుకోగానే మొగుడు ఏదో చెప్పబోవడం, బుడబుడమని బుడగలు తప్ప మరేమీ బయటికి రాకపోవడం ఆమెకి కళ్లారా కనిపించింది. చివరిరోజు మాస్టారి దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అడిగింది.

"బాబూ, మీరెల్లిపోయినప్పుడు ఆ ముక్క ఒకటి మాకాడ ఒదిలీసి ఎల్తారా?"

మర్నాడు ఇద్దరూ రాళ్ల దగ్గర దిగారు. లోతు నాలుగు బారలు. రెండేళ్లుగా ఆ నీళ్ల మీదే కూర్చున్నాడుగాని అడుగున ఏముందో లక్ష్ముడు ఎన్నడూ చూడలేదు. పసుపు చారల చేపలు గుంపుగా వచ్చి అతని మోకాళ్ల మధ్యనుంచి దూరి వెళ్లాయి. రాతి సందులోంచి ఒక బొంతచేప, పంచాయితీలో సూరయ్య చూసినట్టే, కింది పెదవి ముందుకి పెట్టి చూసింది. తాబేలు ఒకటి ఎక్కడికో పనిమీద పోతున్నట్టు పక్కనుంచి పోయింది. లక్ష్ముడికి మాట్లాడాలనిపించింది. నోరు కదిపితే బుడగలొచ్చాయి. చెప్పడానికి ఇంత ఉండి, చెప్పడానికి లేకుండా ఉండడం అతనికి జన్మలో అదే మొదలు. కాసేపటికి ఆ ఆరాటం కూడా పోయింది. ఊరికే చూస్తూ ఉండిపోయాడు.

అలా చూస్తున్నప్పుడే గవ్వ కనిపించింది. పిడికిలంత గవ్వ, గోధుమరంగు చారలు. మాస్టారు అటు తిరిగి పలక మీద ఏదో రాసుకుంటున్నాడు. లక్ష్ముడు ముందు ముట్టుకున్నాడు. తర్వాత తీశాడు. తర్వాత ఖాకీ చొక్కా జేబులో వేసి గుండీ పెట్టుకున్నాడు. ఎందుకు చేశాడో ఆ తర్వాత ఎందరడిగినా అతను చెప్పలేకపోయాడు.

ఒడ్డుకి వచ్చేసరికి పేటంతా ఇసుకలో ఉంది. లక్ష్ముడు తల కూడా తుడుచుకోలేదు.

"సొర వచ్చినాది" అని మొదలుపెట్టాడు. "రెండు తెప్పలంత పొడుగు. నాను దాన్ని సూసినాను, అది నన్ను సూసినాది. ఎవల పర్మిషనుతో వచ్చినావు అన్నాను."

"నోట్లో రబ్బరుముక్క ఉన్నాది గదా?" అన్నాడు అప్పలసూరి.

"కళ్లతో అన్నాను."

మాస్టారు అద్దాల ముసుగుని తుడుస్తూ ఉండిపోయాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

సొర తలదించుకున్నదాకా వచ్చింది కథ. అంతలో లక్ష్ముడి జేబు కదిలింది. అతను దాని మీద ఒక చరుపు చరిచి కథ సాగించాడు. జేబు మళ్లీ కదిలింది. ఆ మరుక్షణం లక్ష్ముడు రొమ్ము పట్టుకుని, నిలుచున్నచోటే మూడడుగులు పైకి లేచి, పేట కుక్కలన్నీ లేచి నిలబడేటట్టు కేకపెట్టాడు. గుండీ తెగింది. గవ్వ ఇసుకలో పడింది. దానిలోంచి ఎర్రటి కాళ్లు బయటికొచ్చాయి. అందరూ చూస్తుండగా గవ్వ లేచి, సముద్రం వైపు నడక సాగించింది.

సూరయ్య కర్రని దానికి అడ్డం పెట్టాడు. "ఒరే లక్ష్ముడూ, ఇదేటి?"

"పీత."

"ఆ గవ్వేటి?"

"దాని ఇల్లు. అదే వచ్చీసినాది మావా. నాను రమ్మన్లేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని లక్ష్ముడు ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. రెండేళ్లపాటు పిల్లలు సైతం ఆ రాళ్ల దగ్గర్నుంచి పుల్ల తేలేదు. తెచ్చింది కాపలావాడే.

ఇక్కణ్ణించే నీళ్లలోకి విసిరేద్దామన్నాడు అప్పలసూరి. మాస్టారు వద్దన్నాడు. ఇది రాళ్ల మధ్య బతికేది, ఒడ్డున వదిలితే కాకుల పాలవుతుంది అన్నాడు.

"అయితే తెచ్చినోడే అట్టుకెల్లి, తీసినకాడే ఎట్టాల" అన్నాడు సూరయ్య. లేచి పంచె దులుపుకున్నాడంటే ఇక దానికి తిరుగులేదని అర్థం.

పీతని కూర్మమ్మ కుండలో సముద్రపు నీళ్లు పోసి ఉంచింది. అది ఒక్క మాటా లేకుండా కూర్చుంటుందని దానితో స్నేహం కూడా చేసింది.

మర్నాడు లక్ష్ముడు చిల్లులున్న కొబ్బరిచిప్పలో పీతని మోసుకుంటూ దిగాడు. అదే రాయి, అదే సందు. గవ్వని కింద పెట్టాడు. పీత బయటికి చూసి, తనుండేచోటు గుర్తుపట్టినట్టు గబగబా సందు లోపలికి పోయింది. తప్పు తీరిందని లక్ష్ముడు వెనక్కి తిరిగాడు. ఎదురుగా సొర ఉంది.

రెండు తెప్పలంత కాదు. కూర్మమ్మంత పొడుగుంటుంది. రెక్క చివర నల్లటి మచ్చ. రెండు బారల దూరంలో, ఏ తొందరా లేకుండా అతని చుట్టూ తిరుగుతోంది. మాస్టారు చెప్పినవన్నీ లక్ష్ముడు తు.చ. తప్పకుండా చేశాడు. పారిపోలేదు, కాళ్లు కొట్టలేదు, దాని మీంచి చూపు తిప్పలేదు. గుర్తుండి చేసినవి కావు. ఒళ్లు కొయ్యబారిపోయి ఇంకేదీ చేయలేక చేసినవి. ఒక్క కుడిచెయ్యి మాత్రం దానంతటదే లేచి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సొరకి సున్నా చుట్టి చూపించింది. అన్నీ బాగున్నాయని.

సొర ఆ సున్నాని చూసింది. ఇంకో చుట్టు తిరిగింది. తర్వాత పసుపు చారల గుంపుని చీల్చుకుంటూ నీలం నీళ్లలోకి పోయింది.

అది కనుమరుగయ్యాక లక్ష్ముడికి ఒంట్లో జీవం వచ్చింది. వచ్చిన జీవమంతా కాళ్లలోకే వచ్చింది. బాణంలా పైకి లేవబోతుంటే మాస్టారు చొక్కా అంచు దొరకబుచ్చుకుని కిందికి లాగాడు. పైకి వేలు చూపించి, బుడగల్ని చూపించి, తల అడ్డంగా ఊపాడు. తన బుడగలే తనని దాటుకుని ముందు పైకి పోతుంటే లక్ష్ముడు వాటి వెనక, కొండెక్కే ముసలాడిలా, మెల్లగా పైకి చేరాడు. ఆ లాగుడులో మిగిలిన రెండు గుండీలూ పోయాయి. మాస్టారు వాటిని కూడా వెతికి తెచ్చాడు. అక్కడిది తేకూడదు సరే, మనదీ అక్కడ వదలకూడదు అన్నాడు.

ఒడ్డున అందరూ మూగారు.

"సొర కనిపించినాదా?" అన్నాడు అప్పలసూరి.

"కనిపించినాది."

"ఎంతున్నాది?"

"మా కూర్మంత."

అందరూ పడీపడీ నవ్వారు. రెండు తెప్పల సొరని ముందురోజు నోరు తెరుచుకుని విన్నవాళ్లే, దీన్ని మాత్రం నమ్మలేదు. నిజమే, నేనూ చూశానని మాస్టారు అన్నాడు. దానితో ఆయన్నీ నమ్మడం మానేశారు. "పాపం, వారం రోజులు ఈడితో ఉన్నారు గదా" అని జాలిపడ్డారు. లక్ష్ముడు వాదించలేదు. ఇంటికి పోయి తడి చొక్కా తీగ మీద ఆరేశాడు.

కూర్మమ్మ వెనకే వచ్చింది. "నా అంత ఉన్నాదా? పొడుగా, లావా?"

"పొడుగే."

ఆమె కాస్త శాంతించి గంజి తెచ్చింది. లక్ష్ముడు తాగుతూ అన్నాడు. "ఒసే, అది నన్ను తిననానికి రాలేదే. మనింటికెవులో కొత్తోలొస్తే గుమ్మంలోంచి సూస్తాం సూడు, అలాగ సూసి ఎల్లిపోనాది. నానే దాని ఇంట్లో దొంగతనం సేసినాను."

ఇంకేమైనా చెప్తాడేమోనని ఆమె చూసింది. ఏమీ చెప్పలేదు. గంజి చాలకపోయిందనుకుని ఇంకో గరిటె పోసింది.

ఏసుదానం మాస్టారు ఆ మరుసటి ఏడూ వచ్చాడు. పలక మీది లెక్క పెరిగింది. రాళ్లకి దూరంగా వేసిన వలల్లో కూడా చేప మళ్లీ పడుతోందని సూరయ్య ఒప్పుకున్నాడు. లక్ష్ముడు కాపలా మానలేదు. ఉమ్మకూడదన్న నియమాన్ని మాత్రం, చేపలకి దానితో పనిలేదని తేలాక, తనే తీసేశాడు.

అరవై తొమ్మిదిలో ఉత్తరంగా ఉన్న ఇంకో పేటవాళ్లు, తమ రాళ్లు కూడా ఇలాగే విడిచిపెట్టాలా వద్దా అని తేల్చుకోలేక లక్ష్ముణ్ణి పిలిపించారు. ఖాకీ చొక్కాకి కొత్త గుండీలు కుట్టించుకుని వెళ్లాడు. మొదటిరోజు మధ్యాహ్నానికే వాళ్లు సరే విడిచిపెట్టేస్తాం అన్నారు. అతను ఇంకా సొర దాకా రాలేదు. మూడోరోజు సాయంత్రం వాళ్లే బండి కట్టి, దారిలో తినడానికి ఎండుచేపలు మూటగట్టి, అతన్ని భోగాపురం రోడ్డు దాకా దిగబెట్టి వచ్చారు.