ఖాలా కారు, మూడు గుప్పిళ్ల పసుపు

మొన్న పొయ్యి మీద పసుపు నీళ్ల గిన్నె పెట్టి మరిచిపోయాను. నీళ్లు ఇగిరిపోయి, అడుగున పసుపు మాడి, కాలిన లోహంతో కలిసిన ఘాటు వాసన ఇల్లంతా కమ్ముకుంది. మా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలు తెరుస్తుంటే, నేను పొయ్యి ఆర్పి అక్కడే నిలబడి ఇంకో రెండుసార్లు గట్టిగా పీల్చాను. ఆ వాసన తగిలితే నాకు ఒక పాత విలాయతి మోటారు కారు, దాని కింద నుంచి బయటికి చాచిన రెండు పాదాలు కళ్ల ముందుకొస్తాయి. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర మేము అద్దెకున్న ఇంటికి పక్కింటి ఖైరున్నీసా బేగం గారివి ఆ పాదాలు. వాడకట్టంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేది, నేనూ అలాగే పిలిచాను. ఆమెను ఎన్నడూ చూడని మీకు ఆమె గురించి చెప్పాలంటే పాదాల నుంచే మొదలుపెట్టాలి. నేను మొదట చూసింది వాటినే.

పంతొమ్మిది వందల అరవైల మొదటి రోజులు. కొత్తగా కాపురానికొచ్చాను. మా ఆయనకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు తోటలు చూసే పని. పొద్దున మొదటి బస్సుకు పోతే దీపాలు పెట్టే వేళకు గానీ వచ్చేవాడు కాదు. రోజంతా నేను, నాలుగు గోడలు. పసుపు పండే మా పుట్టిన ఊరు నందిపేట్‌లో ఉన్నప్పుడు "ఎందుకు" అని అడగడం నాకున్న పెద్ద జబ్బు. "ఈ పిల్ల నోటికి తాళం లేదు" అని మా బాపు నవ్వేవాడు, మా అవ్వ మాత్రం తిట్టేది. కాపురంలో అడగడానికి మనిషే లేకుండా పోయింది. అలాంటి ఒక మధ్యాహ్నం పక్కింటి గోడ అవతల ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. పెరట్లో ఉన్న రోలెక్కి తొంగి చూశాను. ఎత్తైన గోడల మధ్య రాళ్లు పరిచిన వాకిలి, వాకిట్లో నల్ల కారు, కారు కింద పచ్చ సల్వారు అంచు, వెండి కడియాలు పెట్టుకున్న పాదాలు.

"కింద ఏం చేస్తున్నరు?" అని అడిగేశాను.

చప్పుడు ఆగింది. "ఎవరు బేటీ నువ్వు?"

"పక్కింటిదాన్ని."

"గోడ మీదికెల్లి ఏం కనబడ్తది? లోపలికి రా. వచ్చేటప్పుడు గా మెట్టు మీదున్న చిన్న పానా తీస్కరా."

అంతే మా పరిచయం. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది. గోళ్లకు పెట్టుకున్న గోరింటాకు మీద నల్ల గ్రీజు ఉండేది, రెండిటినీ సమానంగా చూసుకునేది. గడప దాటితే బురఖా, కారు వెనక అద్దాలకు పచ్చ పరదాలు. ఆ గోడల లోపల మాత్రం ఆమెను మించిన మిస్త్రీ ఆ చుట్టుపక్కల ఉండేవాడో లేదో నాకు అనుమానమే. ఆమె భర్త వకీలు. కారంటే ప్రాణం. సెలవు రోజున వాకిట్లో బండి విప్పుకుని కూర్చుంటే, పానాలు అందిస్తూ ఈమె ఒక్కో ముక్క గురించి అడిగేది. తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి చేతులు పడిపోయాయి. మంచం వాకిట్లోకి జరిపించుకుని ఆయన చెప్తుంటే ఈమె బండి విప్పేది, బిగించేది. "ఆయన నోరు, నా చేతులు. రెండేండ్లు గట్లనే నడిపిచ్చినం" అని చెప్పింది నాకు. ఆయన పోయాక కూడా చేతులు ఆగలేదు. ఊళ్లో అందరూ హైదరాబాద్ నుంచి ఎవరో మిస్త్రీ వచ్చి చూసి పోతాడనుకునేవారు. ఆమె కాదనలేదు.

ఆమె దగ్గర ఒక పట్టింపు ఉండేది. ఏ ముక్కయినా సరే, దాని పనేమిటో చెప్పనిదే ముట్టనిచ్చేది కాదు. "దీని పని ఏంది?" అని అడిగేది. తెలియదంటే సంతోషంగా కాళ్లు మడిచి కూర్చునేది. "తెల్వదంటే తప్పు లేదు బేటీ. తెల్వకుంట ముట్టుడే తప్పు." మంటతో నడిచే బండికి నీళ్లెందుకని అడిగాను ఒకసారి. ఆ ప్రశ్నకు ఆమె ముఖం వెలిగిపోయింది. ముందున్న రేడియేటర్ మీద చెయ్యి వేసి, "లోపల మంట మండుతది గద, దాని చుట్టూ నీళ్లు తిరుగుతయ్. గా వేడిని మోసుకొచ్చి ఈడ, గీ సన్న గొట్టాలల్ల, గాలికి అప్పజెప్తయ్. సల్లబడి మల్ల లోపలికి పోతయ్. నీళ్లు తిరుగుడు ఆగితే బండి పానం పోతది" అంది. ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయనకు అంతా వివరించాను. ఫ్యాక్టరీ జీపు నడిపే మనిషి, నోట్లో ముద్ద పెట్టుకోవడం మరిచిపోయి విన్నాడు.

విప్పిన ముక్కలు పెట్టడానికి ఆమెకు ఒక పాత తెల్లటి దస్తర్‌ఖాన్ ఉండేది, అన్నాల దగ్గర పరుచుకునే గుడ్డ. తీసిన వరుసలో దాని మీద పేర్చాలి, బిగించేటప్పుడు చివర పెట్టిన దగ్గర్నుంచి మొదటికి రావాలి. ఒకరోజు పెట్రోలూ గాలీ కలిసే కార్బురేటర్ విప్పాం. సగం ఆమె తీసింది, నమాజుకు లేచాక మిగతా సగం నేను తీశాను. బిగించాక హ్యాండిల్ తిప్పితే బండి ఢామ్మని పేలి, గోడ మీది పావురాలన్నీ లేచిపోయాయి. నేను గోడకు అతుక్కుపోతే ఆమె గుడ్డ ముందు చతికిలపడి చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. ఆమె ఉర్దూ రాసినట్టు కుడి నుంచి ఎడమకు పేర్చుకొచ్చింది, నేను తెలుగు రాసినట్టు ఎడమ నుంచి కుడికి పేర్చాను. రెండూ నడిమధ్య కలిశాయి. "ఎవరి అలవాటు వాళ్లది. మంచిగైంది, ఇయ్యాల తెలిసింది" అని దర్జీ సుద్దతో గుడ్డ మీద ఒక బాణం గీసింది. అప్పటి నుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు బాణం, తర్వాతే పానా. తప్పు జరిగితే ఎవరు చేశారని అడగకుండా, ఎక్కడ జరిగిందని అడిగే మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఆ చలికాలం బోధన్ నుంచి ఆమె మరిది హమీద్ సాహెబ్ వచ్చాడు. ఇంటికి పెద్ద దిక్కు ఆయనే. మంచివాడే, కానీ మాట అంటే మాటే. "భాభీ, ఎవరూ నడపని బండి ఇంట్ల ఎందుకు? తుక్కుకు అడిగేటోడు ఉన్నడు, ఎడ్లబండి పంపిస్త" అన్నాడు.

"నడుస్తది" అంది ఖాలా.

"నడిస్తే బోధన్ రమ్మనుండ్రి. మా ఇంటి ముందల దాని ఇంజన్ సప్పుడు ఇంటే, మల్ల దాని జోలికి రాను."

ఆయన వెళ్లాక ఖాలా కారు మెట్టు మీద కూర్చుంది. ఆమె కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. "గీ ముక్కల నడుమ కూసుంటే ఆయన మంచం మీదికెల్లి చెప్తున్నట్టే ఉంటది బేటీ. గిది పోతే నేను ఎవర్ని అడగాలె?" అంది. ఆ మాట నాకు సూటిగా తగిలింది. అడగడానికి మనిషి లేకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు.

ఇద్దరం పదిహేను రోజులు పట్టుబట్టి బండిని తయారు చేశాం. చివరికి ఒక్క లోటు మిగిలింది. రేడియేటర్ అడుగున సన్నని చెమ్మ, అప్పుడప్పుడూ ఒక బొట్టు. ఖాలా నీళ్లల్లో ఒకే ఒక చెంచా పసుపు కలిపింది. "ఇది పోయి పగుల్ల కూసుంటది. గింతే చాలు" అంది. మర్నాడు మధ్యాహ్నం ప్రయాణం. పొద్దున ఆమె లోపల ఉన్నప్పుడు నేను వంగి చూస్తే, రాయి మీద ఇంకా ఒక తడి చుక్క. నందిపేట్‌లో పుట్టినదాన్ని, గాయానికీ దగ్గుకూ గడపకూ పసుపే రాసిన చేతులు నావి. పసుపు వల్ల చెడిన పని నేనెన్నడూ చూడలేదు. ఇంటికి పరుగెత్తి, బాపు పంపిన పసుపు డబ్బా తెచ్చి, మూత తీసి మూడు గుప్పిళ్లు పోశాను. ఆమెకు చెప్పలేదు. బండి నిలబడితే చాలనుకున్నాను.

మా ఆయన నడపడానికి ఒప్పుకున్నాడు. ఖాలా, నేను వెనక పరదాల్లో. బండి బ్రహ్మాండంగా కదిలింది. ఖాలా కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటూ కూర్చుంది. ఎడపల్లి దాటాక, చెరకు బండ్ల వరుస మధ్యలో ఉండగా ముందు నుంచి ఆవిరి లేచింది. దాంతోపాటే ఆ వాసన, మాడిన పసుపు, కాలిన ఇనుము. మా ఆయన బండి పక్కకు తీశాడు. చెరకు బండ్లవాళ్లు దిగి చుట్టూ మూగారు. గంగారాం అనే ముసలాయన కుండతో నీళ్లు తెచ్చి, "పొయ్యమంటవా సారూ?" అని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు! వేడి ఇనుం మీద సల్ల నీళ్లు పోస్తే పగుల్తది. మూత తీస్తే మొహం కాల్తది" అని పరదా లోపలి నుంచి ఖాలా కేక వేసింది.

అందరూ బిత్తరపోయి పరదా వైపు చూశారు. ఖాలా ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆమె చేతులు తన ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఇన్నేళ్లు గోడల లోపల దాచుకున్న పని అది. బురఖా సర్దుకుని, తలుపు తెరిచి, రోడ్డు మీదికి దిగింది, వెనకే నేనూ. బండి చల్లారేదాకా నిలబడింది. తర్వాత దస్తర్‌ఖాన్ పరిచి, సుద్దతో బాణం గీసి, రాళ్ల మీద వెల్లకిలా పడుకుని కింది గొట్టం ఊడదీసింది. చిక్కటి పసుపు ముద్ద ధబ్బున జారింది. బండ్లవాళ్లు ఇంకొంచెం దగ్గరికి జరిగి చూశారు. ఖాలా లేచి, వేళ్ల మధ్య ఆ ముద్దను నలిపి చూసి, నన్నడిగింది.

"నేనేసింది చెంచెడే. ఇంత ఏడికెల్లి వచ్చింది బేటీ?"

మా ఆయన చూస్తున్నాడు. పదిమంది మగవాళ్లు చూస్తున్నారు. నేను వంగి గుడ్డ మీది ముక్కలు సర్దసాగాను. ఆమె అటు తిరిగి, "నేనే ఎక్కువేసినట్టున్న" అంది. గంగారాం, మిగతావాళ్లు పక్కనున్న కాలువ నుంచి కుండలతో నీళ్లు మోశారు. తేట నీళ్లు వచ్చేదాకా కడిగి, గొట్టం బిగించి, మళ్లీ నింపింది. రేడియేటర్ అడుగున పాత చెమ్మ మళ్లీ కారడం మొదలైంది గనక రెండు కుండల నీళ్లు వెంట పెట్టుకుని, ఆగుతూ పోస్తూ బోధన్ చేరాం.

హమీద్ సాహెబ్ ఇంటి ముందే నిలబడి ఉన్నాడు. మా వెనకాల ఆగి చూసి, మమ్మల్ని దాటి వెళ్లిన బస్సువాళ్లు అప్పటికే చెప్పేశారు. "వచ్చింది, మంచిదే. కానీ నడుమ ఆగిందట. బండిల వంటింటి మందు ఎవరేసిండ్రు?"

"నేనే" అంది ఖాలా, పరదా వెనక నుంచి.

"గిట్లనే ఐతది భాభీ. దారిల మీకేమన్న ఐతే నేను ఎవరికి జవాబు చెప్పాలె? బండి ఈడనే ఉండనీయుండ్రి."

ఒళ్లో మడిచిన దస్తర్‌ఖాన్ మీద ఖాలా చేత్తో నిమురుతోంది. ఆ చెయ్యి చూశాక నేను ఆగలేకపోయాను. పరాయి మగవాడితో ఎన్నడూ గట్టిగా మాట్లాడి ఎరగను. పరదా పక్కకు లాగేశాను. "నేనేసిన! మూడు గుప్పిళ్లు, ఆమెకు చెప్పకుంట ఏసిన. ఆమె పనిల ఏ లోటు లేదు. రోడ్డు మీద బాగుచేసింది కూడ ఆమెనే, ఏ మిస్త్రీ లేడు, ఎన్నడూ లేడు" అని ఒక్క ఊపులో చెప్పేశాను. అన్నాక ఏడుపొచ్చేసింది.

హమీద్ సాహెబ్ నా వైపు చూడలేదు. ఆడుతున్న ఇంజన్ దగ్గరికి వెళ్లి, వంగి దాని చప్పుడు విన్నాడు. "మా బాయి కాడ ఆయిల్ ఇంజన్ నల్ల పొగ వదుల్తున్నది భాభీ. ఎందుకంటరు?"

"సూడకుంట ఎట్ల చెప్త?" అంది ఖాలా. "పానాలు ఉన్నయా మీ దగ్గర?"

తిరుగు ప్రయాణంలో నేను తల ఎత్తలేదు. ఎడపల్లి దగ్గర ఆమే కదిలించింది. "నాకు కోపం రాలేదనుకోకు. వచ్చింది. హల్దీ ఏసినందుకు కాదు. నేను అడిగితే నోరు మూసుకున్నవ్ గద, గందుకు. ఏడ ఖరాబైందో నువ్వే దాస్తే, నేనెట్ల బాగుచేస్త?" కొంచెం దూరం పోయాక మళ్లీ అడిగింది, "అవునుగానీ, మూడు గుప్పిళ్లే ఎందుకు? నాలుగోది ఎందుకెయ్యలే?"

"డబ్బా అయిపోయింది" అన్నాను.

ఆమె నవ్వుకు మా ఆయన బండి ఆపాల్సి వచ్చింది.

ఆ కారు ఆమె బతికినన్నాళ్లూ ఆ వాకిట్లోనే ఉంది. నెలకోసారి బోధన్‌కు ప్రయాణం, పొలం ఇంజన్లు చూసిరావడానికి. మాకు బదిలీ అయి ఊరు మారినప్పుడు దస్తర్‌ఖాన్ నా చేతిలో పెట్టింది. డెబ్భైల దశకంలో ఆమె పోయిందన్న కబురు వచ్చినప్పుడు దాన్ని ఒళ్లో పరుచుకుని ఏడ్చాను. ఎన్నిసార్లు ఉతికినా ఆ రోజు పడ్డ పసుపు మరక వదల్లేదు. ఇప్పటికీ మిక్సీ ఆగినా, కుట్టుమిషన్ మొరాయించినా ఆ గుడ్డ మీదే విప్పుతాను, ముందు బాణం గీసి.

మొన్న కిటికీలన్నీ తెరిచి వచ్చి, మా కోడలు మాడిన గిన్నె వైపు చూసింది. పక్కనే పనిమనిషి బిక్కమొహంతో నిలబడి ఉంది. కోడలు నోరు తెరిచేలోపే నేను చెయ్యెత్తాను.

"నేనే పెట్టిన" అన్నాను.