మడివాళకు వయా పీణ్య

మా బావ పిల్లప్ప మేష్ట్రుకు దారి తెలియదు. మిగతావన్నీ తెలుసు. బెంగళూరు పక్క హొసకోటె హైస్కూల్లో జీవితమంతా జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి. కళ్లు మూసుకుని బోర్డు మీద నైలు నది గీసేవాడు. ఏ ఉపనది ఎక్కడ కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. కానీ తన పాత వ్యానులో నలుగురిని ఎక్కించుకుని ఊరు దాటాడంటే చాలు, తూర్పుకు పోవలసినవాడు పడమట తేలతాడు.

ఫోనులో మ్యాపు పెట్టుకోమంటే ఆయనకు రోషం.

"జాగ్రఫీ మేష్ట్రుకు ఫోను దారి చెప్పేదా? ఇంగ నేను బతికేదెందుకప్పా!" అంటాడు.

ఒకసారి నన్నూ నా భార్య అనితనూ ముళబాగిలులో ఒక పెళ్లికి తీసుకుపోయాడు. హొసకోటె నుంచి ముళబాగిలుకు రోడ్డు తిన్నగా పోతుంది. ఆ రోడ్డు మీద దారి తప్పాలంటే ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. ఆ ప్రతిభ వల్ల మేం చింతామణి చూశాం, శ్రీనివాసపురం మామిడితోటలు చూశాం. పెళ్లికి చేరేసరికి వంటవాళ్లు గుండిగలు కడుగుతున్నారు. తిరుగు ప్రయాణంలో నేనూ అనితా వంతులు వేసుకుని ఆయన్ను తిట్టాం. ఆయన మాత్రం తనకేదో సన్మానం జరుగుతున్నట్టు నవ్వుతూ వ్యాను నడిపాడు.

మా అక్క పాపక్క ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేసింది కాబట్టి ఆశ్చర్యపోవడం మానేసింది. "ఒక్కడే అంగడికి పోతే కొత్తిమీర వాడకముందే ఇంటికొస్తాడు. మంది ఎక్కితేనే ఈయప్పకు దిక్కులు మర్చిపోతాయి" అనేది. ఆ మాటను నేను అప్పట్లో పట్టించుకోలేదు.

ఇలాంటి మనిషి దగ్గరకే ప్రతి ఏడూ పదో తరగతి ఫలితాలు రాగానే తల్లిదండ్రులు వరస కట్టేవాళ్లు. పీయూసీలో, అంటే ఇంటర్‌లో, పిల్లను సైన్సులో వెయ్యాలా, కామర్సులో వెయ్యాలా, ఆర్ట్సులో వెయ్యాలా అని. మా బావ ఏనాడూ ఇది మంచిది, అది మంచిది అని చెప్పలేదు. ఎవరు ఏం అడిగినా ఒకటే జవాబు.

"చూసొద్దాం పా."

డాక్టరు కావాలంటే డాక్టరును చూసి రావాలి, ఆడిటరు కావాలంటే ఆడిటరును చూసి రావాలి. తల్లీ తండ్రీ పిల్లా ముగ్గురూ వ్యాను ఎక్కాలి. అది షరతు. మునిరాజు అనే ఆయన కామర్సు అంటే, ఆయన కొడుకు గిరీష్ చస్తే సైన్సే అన్నాడు. మా బావ వాళ్లకు ఆడిటరు ఆఫీసు చూపిస్తానని బయల్దేరి దొడ్డబళ్లాపురం పక్క ఒక ద్రాక్షతోటలో దింపాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి గిరీష్ కామర్సుకు ఒప్పుకున్నాడు. ఆడిటరు ఆఫీసు ఈనాటికీ ఎవరూ చూడలేదు.

మొన్న మే నెలలో నేత్రావతి వచ్చింది. మా వీధి చివర హార్డ్‌వేర్ అంగడి దేవరాజ్ భార్య. కూతురు సుమ స్కూలు ఫస్టు. దేవరాజ్ సైన్సు చదివించి డాక్టర్ని చేస్తానంటున్నాడు, సుమ కామర్సు చదువుతానంటోంది. సోమవారం కాలేజీలో సీటు ఖాయం చేసుకోవాలి. ఆ రోజు శనివారం.

"ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు సార్," అంది నేత్రావతి. "ఆయనేమో 'నీ బిడ్డకు చెప్పు, ఫ్యాను ఆపమని' అంటాడు. ఇదేమో 'మీ ఆయనకు ఉప్పు అందీమ్మా' అంటాది. మధ్యలో నేను పోస్ట్‌మాన్ అయిపోయినా. సోమవారం ఆయన పోయి సైన్సులో చేర్చేస్తే ఈ పిల్ల రెండేండ్లు ఏడుస్తా చదవల్ల."

"బెంగళూరు మడివాళలో నా శిష్యురాలు శ్రీజ ఉండాది. పీజీ హాస్టల్లో ఉండి డాక్టరు చదువుతా ఉండాది. రేపు చూసొద్దాం పా" అన్నాడు మా బావ.

ఆదివారం పొద్దున బయల్దేరాం. ఆ వ్యానులో వెనక సీట్లు ఎదురెదురుగా ఉంటాయి. దేవరాజ్‌కూ సుమకూ మోకాళ్లు తగులుతున్నాయి, చూపులు మాత్రం చెరో కిటికీలోంచి బయటికి. ముందు సీట్లో కూర్చుని దారి చూడమని మా అక్క నన్ను కాపలాగా పంపింది.

"కేఆర్ పురంలో ఎడమకు బావా," అన్నాను.

ఆయన కుడికి తిప్పాడు.

"బావా, ఎడమ అన్నా కదా!"

"ఇదీ రింగు రోడ్డే కదప్పా. రింగు అంటే గుండ్రం. ఎట్ల పోయినా చేరతాము."

జాగ్రఫీ ప్రకారం అది నిజమే కాబట్టి నోరు మూసుకున్నాను. హెబ్బాళ వచ్చింది, పోయింది. వెనక నుంచి దేవరాజ్ గొంతు వినిపించింది.

"నేత్రా, నీ బిడ్డకు చెప్పు, కిటికీ మూయమని. దుమ్ము."

"అమ్మా, మీ ఆయనకు చెప్పు, ఉక్కగా ఉండాదని."

నేత్రావతి ఎవరికీ ఏమీ చెప్పకుండా కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నానికి రోడ్డుకు రెండు వైపులా రేకుల షెడ్లు, తాళాలేసిన ఫ్యాక్టరీ గేట్లు కనిపించాయి. సుమ తల బయట పెట్టి ఒక బోర్డు చదివింది. చదివి, కోపం సంగతి మరిచిపోయి తండ్రి చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"నాన్నా! ఇది పీణ్య కదా?"

"పీణ్యనేమ్మా! మడివాళ ఆ కొస, ఇది ఈ కొస! సార్, ఏం సార్ ఇది!"

"ఏం సార్, జాగ్రఫీ ఎట్ల చెప్పినారు సార్ మీరు?" సుమ అందుకుంది.

"నేను ముందే అనుకున్నామ్మా, హెబ్బాళ వచ్చినప్పుడే!"

"నేనూ అనుకున్నా నాన్నా!"

తండ్రీ కూతుళ్లు ఒక పక్షమై మా బావను ఉతికి ఆరేశారు. ఆయన మాత్రం తాపీగా ఒక టీ అంగడి ముందు వ్యాను ఆపి, దారి అడిగి వస్తానని దిగాడు. దిగినవాడు దారి అడగలేదు. బెంచీ మీద కూర్చుని టీ చెప్పి, నన్నూ కూర్చోమన్నాడు. వ్యాను కిటికీ మాకు చేతికందే దూరంలో ఉంది.

లోపల తిట్లు అయిపోయాయి. దేవరాజ్ రోడ్డవతలికి వేలు చూపించాడు.

"ఆ నీలం గేటు ఉండాదే, దాంట్లోనే నేను లేత్ మిషను మీద పని చేసింది. నువ్వు పుట్టిన పొద్దు కూడా ఆడనే ఉన్నా."

"నాకెప్పుడూ చెప్పలేదే నాన్నా?"

"చెప్పేదానికేముండాది? పొద్దంతా నిలబడేదే. ఇంటికొచ్చినా కాళ్లు అదురుతా ఉండేవి. అందుకే, నా బిడ్డ తెల్లకోటు ఏసుకోని కుర్చీలో కూర్చోవల్లని."

సుమ ఆ గేటు వైపు చూసింది, తర్వాత తండ్రి కాళ్ల వైపు చూసింది.

"కూర్చునేదే కావల్లంటే నాన్నా, కామర్సోళ్లు కుర్చీలోంచి లేచేదే లేదు. డాక్టర్లే పాపం, వార్డంతా తిరగల్ల."

దేవరాజ్‌కు నవ్వాగలేదు. నేత్రావతి కళ్లు తెరిచింది.

"అది కాదు నాన్నా," సుమ గొంతు తగ్గించింది. "మన కోలారు టమాటా ఒక వారం కొనాలంటే దొరకదు. ఇంకో వారం రోడ్డు మీద పారబోస్తారు. ఎందుకట్లని నాకు తెలుసుకోవల్లని ఉండాది. అది చదువుతా."

"ముందే చెప్పుంటే?"

"అడిగినావా?"

దేవరాజ్ తల గోక్కున్నాడు. "అదెందుకో నాకూ తెలీదు. చదివినాక నాకూ చెప్పు" అన్నాడు. సోమవారం సంగతి అక్కడితో తేలిపోయింది.

మా బావ ఖాళీ గ్లాసు పెట్టి లేచాడు. వ్యాను తిప్పాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేనెన్నడూ చూడని సందుల్లోంచి, సిగ్నళ్లన్నీ తప్పించి, చీకటి పడకముందే హొసకోటెలో వాళ్లను ఇంటి ముందు దింపాడు. దిగేటప్పుడు కూడా తండ్రీ కూతుళ్లు ఆయన్ను నాలుగు అనే పోయారు.

"బావా, మడివాళ?" అన్నాను. "ఆ శ్రీజ మన కోసం ఎదురు చూస్తా ఉంటాది కదా?"

"ఆ పిల్ల సెలవులకు ఊరికి పోయింది కదప్పా, పోయిన వారమే."

నేను సీట్లో పూర్తిగా ఆయన వైపు తిరిగాను. ఆయనే అన్నాడు.

"కోపంగా ఉన్నోళ్లు ఒకరినొకరు తిట్టుకుంటే ఇల్లు పాడవుతాది. ఇద్దరూ కలిసి నన్ను తిడితే బాగవుతాది. నాకేం పోయింది?"

"మరి ముళబాగిలు పెళ్లి?"

"అప్పుడు నువ్వూ అనితా మాట్లాడుకుంటా ఉంటిరా?"

లేదు. ఫ్రిజ్ వంటింట్లో పెట్టాలా, హాల్లో పెట్టాలా అన్న దాని మీద మాకు నెల రోజులుగా మాటల్లేవు. ఆ పెళ్లి నుంచి తిరిగొచ్చాకే మాటలు మొదలయ్యాయి. ఇన్నేళ్లూ ఊరంతా తనను చూసి నవ్వుతుంటే నవ్వనిచ్చిన ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. చెప్పలేదు కూడా. చెబితే వ్యాను ఎక్కించుకుంటాడని భయం.

మరుసటి ఆదివారం ఇంకో కుటుంబం వచ్చింది. కూతురు ఆర్ట్సు అంటోంది, తల్లి సైన్సు అంటోంది, ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. వాళ్లను హెబ్బాళ తీసుకుపోవాలి. కేఆర్ పురంలో కుడికి తిరగాలి.

"ఎడమకే బావా," అన్నాను గట్టిగా, వెనక సీట్ల దాకా వినపడేటట్టు.