చెరువు మట్టికి గాలి తగిలించాను

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదానికి నాలుగింతలు కలిపి చెప్పే మనిషిని. మా ఇంట్లో పిల్లి తుమ్మితే వీధి చివరికి చేరేసరికి అది పులి గాండ్రింపు అయిపోతుంది. కాబట్టి తోటకూర కాడలు కరెంటు స్తంభాలంత ఎదిగాయని రాస్తే మీకు తోచినంత నరుక్కోండి. భయాన్ని మాత్రం నరకొద్దు. దాన్ని ఉన్నంతే రాస్తున్నాను.

ఎండాకాలంలో చెరువు ఇంకిపోతే అడుగు మట్టిని ట్రాక్టర్ల మీద తోలుకుపోయి చెరుకు మళ్ళలో చల్లుకోవడం మా చోడవరం చుట్టుపక్కల అలవాటే. నాకు చెరుకు మడి లేదు, పెరట్లో మంచమంత జాగా ఉంది. అయినా ట్రాక్టరు నిండా తోలించాను. అమ్మాయి పురిటికి వస్తోంది. దానికి నా చేత్తో పండించిన ఆకుకూర పెట్టాలని పట్టుదల.

మట్టి కాటుకలా ఉంది, కుళ్ళిన కోడిగుడ్ల కంపు. ఆ దెబ్బకి పక్కింటివాళ్ళు ఇల్లమ్మేసి కాశీ పోదామనుకున్నారు. కంపు పోవాలంటే గాలి తగలాలి కదా! పొద్దున్న పారతో తిరగేసేవాణ్ణి, సాయంత్రం మళ్ళీ తిరగేసేవాణ్ణి. కంపు పోయింది. నలుపు కూడా పోయి తుప్పు రంగు తేలింది. విత్తనాలు చల్లితే కరెంటు స్తంభాలు లేచాయి. అమ్మాయి వచ్చింది మొదలు తోటకూర పప్పు, తోటకూర వేపుడు, తోటకూర పులుసు.

మా అమ్మాయికి వైజాగులో ఉద్యోగం. చెరువుల అడుగు బురదని గొట్టాలతో పైకి తీసి, ఏ పొరలో ఏ లోహం ఎంతుందో చూడటం దాని పని. ఒకరోజు పెరట్లోకి వచ్చి, ఒక మట్టి పెడ్డ తీసి విరిచింది. పైన తుప్పు రంగు, లోపల నలుపు.

“నాన్నా, ఇదెక్కడి మట్టి?”

“మన సెరువుదేనే! నడి సెరువులోది. ట్రాక్టరోణ్ణి బతిమాలి మరీ లోతుగా తవ్వించేను.”

“వినాయకుళ్ళని కలిపే సెరువా?”

“మరింకేటుందే మనకి?”

“దీన్ని తిరగేసేవా?”

“రోజూ! కంపు పోవద్దేటి?”

అది పెడ్డని వదిలేసి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూనే ఉంది.

“సూడు నాన్నా. నడి సెరువు అడుక్కి గాలందదు. బొమ్మల రంగుల్లో సీసం, బళ్ళు కడిగిన నీళ్ళలో రాగి, జింకు, అన్నీ దిగి ఆ కంపుకొట్టే గంధకంతో అతుక్కుపోతాయి. ఏళ్ళ తరబడి అక్కడే పోగవుతాయి. కదపకపోతే పడుంటాయి. గాలి తగిల్తే ఆ పట్టు వదిలిపోతాది. కొంత లోహాన్ని ఆ తుప్పు పట్టుకుంటాది. మిగిలింది నీళ్ళలోకి, వేళ్ళలోకి...”

దాని చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది.

నేను మట్టికి గాలి తగిలిస్తున్నాననుకున్నాను. పూటపూటా తాళాలు తీసి దొంగల్ని వదిలానన్నమాట.

“కడుపులో పిల్లకేటైనా అవుద్దేటే?” అంది వెనకే వచ్చిన మా ఆవిడ.

“తెలీదమ్మా. పరీక్ష సెయ్యాలి.”

బురద గురించి అన్నీ తెలిసిన మనిషి తెలీదంది. మా ఆవిడ నా వైపు తిరిగింది.

“బజారు కూరలన్నీ మందులే, నా కూతురికి నేనే పండిస్తానన్నారు గదా! సూడండి మీ పంట!”

మడి మొత్తం పీకి, ఆవులు తినకుండా గోనెసంచిలో కుక్కి మూతి కట్టేసింది. మట్టి, ఆకు, అమ్మాయి రక్తం పరీక్షకి వైజాగు వెళ్ళాయి.

అప్పటినుంచి నా పెంచే గుణం నా మీదికే తిరగబడింది. అమ్మాయి కాలు తిమ్మిరెక్కిందంటే సీసం. తలనొప్పంటే సీసం. కడుపులో బిడ్డ కదల్లేదంటే... ఆ వాక్యాన్ని మాత్రం పెంచలేకపోయాను. గుమ్మంలో నిలబడి అడిగేవాణ్ణి.

“కదిలిందేటే?”

“ఇందాకే గదా అడిగేవు! కదిలింది నాన్నా. నువ్వలా నిలబడకు, నాకు బెంగగా ఉంటంది.”

చివరికి పరీక్షల సంగతి చెప్పడానికి అమ్మాయికి ఫోనొచ్చింది. అది విని, పెట్టేసి, మా ఇద్దర్నీ చూసింది.

“మట్టిలో సీసం బాగానే ఉంది. సాలామట్టుకు వేళ్ళ దగ్గరే ఆగింది, ఆకులోకి కొంచెమే ఎక్కింది. నా రక్తంలో కంగారు పడేంత లేదంట.”

“కంగారు పడేంత లేదంటే, కొంత ఉన్నట్టా?”

“అందరికీ కొంత ఉంటాది నాన్నా.”

“అయితే మనకి ఉక్కు ఎముకల గుంటడు పుడతన్నాడన్నమాట!” అన్నాను. ముగ్గురం పడీపడీ నవ్వాం.

నేను కల్పించింది ఈ నవ్వు ఒక్కటే. ఆ మాట నేను అనలేదు, ఎవరూ నవ్వలేదు. ‘కొంత’ అంటే ఎంతో నేను అడగలేదు. పురుడు ఇంకా రాలేదు.