మూడు ఎవరనాలి?

మైత్రీవనం వెనక సందులో మా అమ్మాయి ఫ్లాట్. కింద కోచింగ్ సెంటర్, పైన మేము. ఆ ఇంట్లో మాట్లాడనిది ఒక్కతే, నా ఐదేళ్ళ మనవరాలు. ఆటిజం. చెప్పింది వింటుంది, అర్థం చేసుకుంటుంది, మాట మాత్రం రాదు.

మాట రాని పిల్లకు మనవాళ్ళు చేసే వైద్యం తెలిసిందే. నాలుక మీద వస రాస్తారు, గుడి గంటలో పోసిన నీళ్ళు తాగిస్తారు. ఆ వేసవిలో మా వియ్యపురాలు గుంటూరు నుంచి వసకొమ్ము పట్టుకునే దిగింది. సభల్లో మూఢనమ్మకాల మీద జీవితమంతా పోట్లాడినదాన్ని, ఇంట్లో ఊరుకుంటానా? గంట మోగుతుంది కదా అని అందులో పోసిన నీళ్ళకు మాటలొస్తాయా అని అడిగాను. మనవరాలి మీద మీకు ప్రేమ లేదని ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంది. ప్రేమ ఉంది కాబట్టే ఆ కొమ్ము తీసి దాచేశాను.

పంజాగుట్టలోని స్పీచ్ థెరపిస్ట్ చెప్పింది వేరు. పిల్లకు ఇష్టమైన ఆట మొదలుపెట్టి మధ్యలో ఆపండి, ఆమె వంక చూస్తూ ఆగండి అంది. చూపు, చెయ్యి, బొమ్మ కార్డు, దేనితో అడిగినా అది మాటే, వెంటనే ఆట ఇవ్వండి అంది. కార్డులకు అలవాటు పడితే ఇక నోరు తెరవదేమోనని మా అల్లుడు భయపడ్డాడు. అడగడం అలవాటైతేనే నోరూ కదులుతుందని ఆమె నచ్చజెప్పింది.

పిల్లకు దుప్పటి ఉయ్యాల ఇష్టం. కూతురూ అల్లుడూ చెరో కొస పట్టుకుని "ఒకటి, రెండు" అని ఆగేవాళ్ళు. ఆగడం! మన ఇళ్ళల్లో అంతకంటే కష్టమైన పని లేదు. పిల్లను పేరడిగితే తల్లి చెబుతుంది, ఆకలా అంటే నాయనమ్మ చెబుతుంది. ఇక్కడా అంతే. ఆగీ ఆగకముందే సోఫాలోంచి వియ్యపురాలు "మూడు" అనేసేది. ఉయ్యాల ఊగిపోయేది. ఇక పిల్లకు అడగాల్సిన అవసరమేముంది?

"వదినా, ఆ మూడు మీది గాదు, దానిది. జర దాన్ని అననియ్యుండ్రి," అన్నాను.

"ఎంతసేపని చూస్తుందండీ, పసిది?"

"అడిగేదాంక."

ఆవిడకు కోపమొచ్చింది. అయినా మర్నాడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "రెండు" దగ్గర దుప్పటి ఆగింది. పిల్ల వాళ్ళమ్మను చూసింది, నాన్నను చూసింది. తర్వాత చెయ్యి చాచి పక్కనున్న ఉయ్యాల బొమ్మ కార్డు అందుకుని వాళ్ళమ్మ చేతికిచ్చింది. అది నా మనవరాలు నోరు కదపకుండా అన్న మొదటి మాట. ఆ రోజు దుప్పటి కప్పు దాకా లేచింది.

కార్డుతో అడగడం అలవాటైపోయిన వర్షాకాలంలో, ఒక సాయంత్రం, కార్డుతో పాటు "మూ" అని కూడా వచ్చింది.

కూతురు దుప్పటి వదలకుండానే ఏడ్చింది. తాను మొక్కుకున్నందుకే ఇదంతా అంది వియ్యపురాలు.

"మొక్కినందుకు గాదు వదినా, నోరు మూసుకున్నందుకు," అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. మా వాదన పట్టని పిల్ల అప్పటికే మళ్ళీ దుప్పట్లో పడుకుని, వాళ్ళ నాన్న ఒకటి అనేదాకా ఆయన వంకే చూస్తోంది.