నాయుడి డ్రమ్ మెషీన్ ఎందుకు ఉరికింది

కరోనా సద్దుమణిగి ఊళ్లలో మళ్లీ స్టేజీలు లేచిన ఏడాది అది. అనకాపల్లి స్టేషన్ రోడ్డు పక్క సందులో నా షాపు. సంగీత వాద్యాలు బాగుచేస్తాను కానీ సంగీతం నాకు రాదు. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాక యాంప్లిఫయర్లు విప్పడం మొదలుపెట్టి, కీబోర్డుల దాకా వచ్చాను. పాత డ్రమ్ మెషీన్లు ముట్టుకునేవాణ్ని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే. మిగతా మెకానిక్కులకు బుద్ధుండి మానేశారు.

ఉప్మాకలో స్వామివారి కల్యాణానికి వారం ముందు, మునగపాక అప్పలనాయుడు తువ్వాల్లో చుట్టిన డ్రమ్ మెషీన్ను చంటిపిల్లను దించినట్టు నా బల్ల మీద దించాడు.

"ఏటైంది?" అన్నాను.

"పరిగెడతంది మామా."

"మంచిదే కదా. ఈ వయసులో మనం నడవనేకపోతన్నాం."

నాయుడు నవ్వలేదు. నా హాస్యానికి నవ్వని మనిషికి నిజంగా కష్టమొచ్చిందని అర్థం.

నాయుడు ఒకప్పుడు మంచి డోలక్ వాద్యగాడు. చెరకు క్రషర్లో కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. అప్పుడు అతని బావ సూర్రావు, భజన ఆర్కెస్ట్రా నడిపే ఆయన, ఈ పాత మెషీన్ తెచ్చి ముందు పెట్టి "ఇంక దీన్ని కొట్టు" అన్నాడట. అప్పటి నుంచి మిగిలిన వేళ్లతో బటన్లు నొక్కుతూ, పల్లవికొక దరువు, చరణానికొక దరువు మారుస్తూ నాయుడు అదే బృందంలో ఉన్నాడు.

సూర్రావు దగ్గర సీక్వెన్సర్ ఉంది. ముందే ఎక్కించి పెట్టుకున్న స్వరాలను వరసగా వాయించే పెట్టె అది. దాన్నుంచి డ్రమ్ మెషీన్‌కు సింక్ కేబుల్ వెళ్తుంది. అందులో పాట ఉండదు, టిక్కులు మాత్రం ఉంటాయి, ఒక్కో బీట్‌కు ఇరవై నాలుగు. వాటినే మేం క్లాక్ అంటాం. డ్రమ్ మెషీన్ కూడా నాలాగే పెద్దగా చదువుకోలేదు. వచ్చిన ప్రతి టిక్కునూ నమ్మి లెక్కపెట్టుకుంటుంది. దొంగ టిక్కులు నాలుగు కలిస్తే, ఆ నాలుగు టిక్కుల దూరం పాటకంటే ముందుకు ఉరుకుతుంది.

గత రెండు ప్రోగ్రాముల్లో అలాగే ఉరికింది. పాడే ఆవిడ మధ్యలో ఆగిపోయిందట. సూర్రావు తేల్చి చెప్పేశాడు: ఉప్మాకలో కూడా ఇలాగే అయితే ఇంక దరువులు పెన్ డ్రైవ్‌లోంచే.

"పెన్ డ్రైవ్ ఎడితే నానేటి సెయ్యాల మామా? కుర్సీలు మొయ్యాలా?" అన్నాడు నాయుడు.

సీక్వెన్సర్ కూడా తెప్పించుకుని, నా కేబుల్‌తో రెండూ కలిపి నాలుగు రోజులు కూర్చున్నాను. కూర్చున్నానన్నది మాట వరసకే. లేచేవాణ్ని, టీ తాగేవాణ్ని, సగం గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చేవాణ్ని, నేను లేనప్పుడు ఏమైనా తప్పు చేసిందేమోనని. రెండేసి గంటలు ఆడినా ఒక్క దరువు తప్పలేదు. సాకెట్లు తుడిచాను, కెపాసిటర్లు మార్చాను, అనుమానమున్న చోటా లేని చోటా టంకం పెట్టాను. అన్నం దగ్గర కూడా నా కాలు దానంతటదే తాళం వేస్తుంటే మా ఆవిడ అంది: "ఇంటిలో ఫ్యాను తిరిగి నెలయింది. దాని ముందు కూడా ఇలగే కూకోవచ్చు కదా."

ఐదో రోజు నాయుడు వస్తే, "నా దగ్గర బాగానే ఉంది" అన్నాను. మెకానిక్ అనగలిగిన మాటల్లో దీనికంటే పనికిమాలింది లేదు. అందుకే కల్యాణం రోజు షాపు మూసి, బస్సెక్కి ఉప్మాక వెళ్లాను.

మధ్యాహ్నం స్టేజీ మీద ట్రయల్. రెండు పాటలు చక్కగా నడిచాయి. మూడో పాటకు లైట్ల మనిషి రన్నింగ్ లైట్లు వేశాడు. చరణంలోకి వచ్చేసరికి దరువు ముందుకు తోసుకుపోయింది. సూర్రావు కీబోర్డు మీంచి చేతులు తీసేసి, జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి పక్కన పెట్టాడు. నాయుడు తల దించుకున్నాడు.

నేను స్టేజీ కిందకు దూరాను.

సూర్రావుకు స్టేజీ మీద ఒక్క వైరు వేలాడినా సహించదు. అన్నిటినీ కలిపి, పాత చీరల అంచులు చింపి, జానెడుకొక ముడి వేస్తాడు. చూస్తే పెళ్లికూతురి జడే. ఆ జడలో రన్నింగ్ లైట్ల వైర్లూ, మన సింక్ కేబులూ ఇరవై అడుగుల పొడవునా ఒకదాన్నొకటి కావలించుకుని ఉన్నాయి. పాతది పొట్టయిందని సూర్రావే కొత్తగా చేసిన ఆ కేబుల్ ఉత్త కాలింగ్ బెల్ వైరు. బయటి గోల లోపలికి రాకుండా వైరు చుట్టూ ఉండాల్సిన షీల్డ్, అంటే లోహపు అల్లిక, దానికి లేదు. లైటు మారినప్పుడల్లా అందులోకి ఒక కుదుపు వస్తోంది, మెషీన్ దాన్ని టిక్కు అనుకుంటోంది. నాలుగు రోజులూ నా మూడడుగుల మంచి కేబుల్‌తో పరీక్ష చేసిన మేధావిని, మీ కేబుల్ ఏదని ఒక్కసారి అడగలేదు.

సూర్రావు మీద వెయ్యడానికి నాలుక చివర నాలుగు జోకులతో బయటికి తల పెట్టాను. నాయుడు వంగి ఉన్నాడు. నాకంటే ముందే చూసినట్టున్నాడు.

"మామా, బావకి సెప్పకు. ఇంతమందిలో ఆయన పరువు పోతాది."

జోకులు మింగేశాను. ముడులు తర్వాత గుట్టుగా విప్పుకోవచ్చనుకున్నాను. "చిన్న లూజు కాంటాక్టు, సరిచేసేను" అన్నాను పైకి వచ్చి.

"మళ్లీ లూజవదని నమ్మకమేటి?" అన్నాడు సూర్రావు. "పాత సామాను. వద్దులెండి. ఈ రోజుకి పెన్ డ్రైవ్ ఎట్టేద్దాం."

నాయుడు తన మెషీన్ ప్లగ్గు పీకబోయాడు.

"ఆగు నాయుడూ," అన్నాను. "సూర్రావు గారూ, మెషీన్‌కి ఏటీ నేదు. ఓసారి నాతో కిందకి రండి."

స్టేజీ కింద ముడులు కొన్ని విప్పి, సింక్ కేబుల్ ఆయన చేతికే ఇచ్చాను. పైన పాట, లైట్లు రెండూ ఆడించాం. ఆయన కేబుల్ దూరంగా పట్టుకుంటే దరువు కుదురుగా ఉంది. లైట్ల వైర్ల మీద ఆనిస్తే ఉరికింది. మూడుసార్లు అలా చేసి చూసుకున్నాడు.

"నానే కట్టేను కదా," అన్నాడు.

"స్టేజీ అందంగా ఉండాలని కట్టేవు, బావా," అన్నాడు నాయుడు పైనుంచి.

సూర్రావు తెల్ల లాల్చీతో మోకాళ్ల మీద కూర్చుని మిగిలిన ముడులన్నీ తనే విప్పాడు. షీల్డ్ ఉన్న మైకు వైరు తెచ్చి, నాయుడు చెప్పిన పక్కనుంచి వేశాడు. ఆ సాయంత్రం మంగళహారతి దాకా దరువు పాటతోనే నడిచింది.

అప్పటి నుంచి పెట్టె ఒక్కటే తెచ్చినవాణ్ని వెనక్కి పంపేస్తున్నాను, వైర్లు కూడా పట్టుకు రమ్మని. అంతకంటే పెద్ద పాఠం ఆ లూజు కాంటాక్టు అబద్ధం. ఒకరి పరువు కాపాడదామని తప్పుకు పేరు పెట్టకుండా వదిలేశాను. అది వెళ్లి నోరులేని మెషీన్ మీద పడింది, దాంతో పాటు దాని వెనక కూర్చున్న మనిషి మీద కూడా.