మ్యూరియల్ మఫ్లరు

హాలిఫాక్స్‌లో రాతి ఇళ్ల వరుస చివర హిల్డా ఇల్లు. పొద్దున్నే ముందుగదిలోకి వచ్చి, మోకాళ్ల మీద వంగి, గ్యాస్ ఫైర్‌ప్లేస్ మర తిప్పుతుంది. అందులో బొగ్గుల్లా పేర్చిన పింగాణీ ముక్కలు ఎర్రబడేదాకా అక్కడే ఉండి, "లేచావా?" అంటుంది. ఆ మాట ఒకప్పుడు ఎదురు కుర్చీలోని అక్క మ్యూరియల్‌ని అడిగేది. మొన్న వసంతంలో మ్యూరియల్ పోయింది. ఇప్పుడు మంటనే అడుగుతోంది.

అక్కాచెల్లెళ్లు ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. తివాచీల మిల్లులో పనిచేసి, రిటైరై, ఆ మంటకి చెరోపక్కా కూర్చున్నారు. వాళ్ల మధ్య తెగని తగాదా ఒక్కటే. మంటకి గాలి అందడానికని గోడ అడుగున ఒక కన్నం ఉంది. అందులోంచి చలిగాలి సూటిగా మ్యూరియల్ మడమలకి కొట్టేది. ఆమె అందులో తన ఊలు మఫ్లరు కుక్కేది.

"ఏదో ఒకరోజు ఇద్దరం నిద్రలోనే పోతాం" అని హిల్డా సణిగేది.

"పోతే పోదాం. కాళ్లన్నా వెచ్చగా ఉంటాయి" అనేది మ్యూరియల్.

ఏటా అక్టోబరులో గ్యాస్ మెకానిక్ నైజెల్ తనిఖీకి వచ్చే రోజున మాత్రం దాన్ని లాగి దిండు కింద దాచేది. అతను గడప దాటగానే మళ్లీ కుక్కేది.

ఈ అక్టోబరులో దాచే మనిషి లేదు. హిల్డా మరిచిపోలేదు. వంగి, కన్నంలో చెయ్యి పెట్టి, మఫ్లరు మడతల్ని తాకి వెనక్కి తీసుకుంది. అవి అక్క వేళ్లతో నొక్కిన మడతలు.

నైజెల్ వచ్చాడు. చిమ్నీ చూశాడు, బొగ్గుల మీద దుమ్ము దులిపాడు, తలుపులు మూసి మంట వెలిగించాడు. కాసేపాగి, పొగ వచ్చే పుల్ల ఒకటి ముట్టించి మంట పైఅంచున పట్టుకున్నాడు. పైకి పోవాల్సిన పొగ గదిలోకి తిరిగింది. గ్యాస్ కట్టేసి చుట్టూ చూశాడు. కన్నంలో మఫ్లరు కనబడింది.

"బామ్మగారూ, ఇదేంటి, గోడకి జలుబు చేసిందా?"

"అది మ్యూరియల్‌ది."

అతను నవ్వబోయి ఊరుకున్నాడు. "పొగతో పాటు విషవాయువూ వెనక్కొస్తుంది, దానికి వాసనైనా ఉండదు. ఇది ఇలాగే ఉంటే నేను గ్యాస్ ఆపి, వాడొద్దని చీటీ కట్టి పోవాల్సిందే. దీన్ని నన్ను తీసేయమంటారా?"

హిల్డా చల్లారుతున్న బొగ్గుల వైపు చూసింది.

"వద్దు. పరాయివాళ్లు ముట్టుకుంటే అక్క ఊరుకోదు. నేనే తీస్తా."

మఫ్లరు దుమ్ముతో, కన్నం ఆకారంలోనే బిగుసుకుని బయటికి వచ్చింది. రెండో పుల్ల పొగ నిటారుగా చిమ్నీలోకి పోయింది.

టీ ఇస్తే నైజెల్ కప్పు పట్టుకుని మ్యూరియల్ కుర్చీలో కూర్చోబోయాడు.

"అక్కడొద్దు నాయనా" అంది హిల్డా. "గాలి కొడుతుంది."

అతను నిలబడే తాగాడు.

ఆ కన్నం ఇప్పుడు తెరిచే ఉంటోంది. మఫ్లరు బీరువాలో ఉంది. హిల్డా దాన్ని ఉతకలేదు.